పెట్టె ముందొచ్చింది

దాలమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఇది: మొగుడికి కర్మకాండ అంతా జరిపించేశాక అతను బతికి ఇంటికి వస్తాడేమోనని.

చచ్చిపోయి ఉంటాడన్న భయం లేకపోలేదు. అది కడుపులో ఓ మూల ఎప్పుడూ ఉండేదే. కానీ ఆ భయానికి ఏడుపు ఉంది, పదిమంది వచ్చి కూర్చోవడం ఉంది. ఈ రెండోదానికి ఏడవడానికి కూడా వీల్లేదు. ఎవరితో అన్నా "నోరు ముయ్యే, ఏటా మాటలు" అంటారు. అందుకని దాలమ్మ దాన్ని లోపలే పెట్టుకుని, చోళ్లు విసురుతూ, పిల్లకు పాలిస్తూ, గొడ్ల కాడికి వెళ్తూ వస్తూ మోసింది.

కోటబొమ్మాళి నుంచి గెడ్డ దాటి వెళ్తే వాళ్ల ఊరు. మామ జగన్నాధం టౌనులో ఉండే షావుకారు పల్లపు భూమి కౌలుకు చేస్తాడు. తాత నాటి నుంచి చేస్తున్నారు. నోటి మాట మీద చేస్తున్నారు. దాలమ్మ మొగుడు అప్పలసూరి ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. ఊడుపుల్లో అతని చెయ్యి వేరు. తాడు కట్టి, మొక్కకీ మొక్కకీ జాగా వదిలి, జపాను పద్ధతి అని బ్లాకు వాళ్లు చెప్పినట్టు నాటితే మడి దువ్వినట్టుండేది. మొదటి ఏడు ఊరంతా నవ్వింది. "ఏరా సూరీ, వరి నాటుతున్నావా, పాపిడి తీస్తున్నావా?" అన్నారు. పంట కోశాక ఎవరూ నవ్వలేదు.

అది చూసే బ్లాకు వ్యవసాయ అధికారి నరసింగరావు అరవై ఏడులో అతన్ని పిలిపించాడు. నేపాళంలో మన సర్కారు సాయం చేస్తోందన్నాడు. రోడ్లు వేస్తోంది, కాలవలు తవ్విస్తోంది, ఆసుపత్రులు పెడుతోంది. ఆ దేశపు రాజుగారు కౌలు రైతులకు హక్కు ఇస్తూ చట్టం తెచ్చారు. కాగితం చేతికొచ్చిన రైతుకు పంట పెంచే దారి కూడా చూపించాలి. ఉపన్యాసాలు చెప్పేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు, బురదలో దిగి నాటి చూపించేవాళ్లు కావాలి అన్నాడు. పక్క ఊరి లక్ష్ముడు కూడా వెళ్తున్నాడన్నాడు.

ఆ సాయంత్రం అరుగు మీద జగన్నాధం చుట్ట వెలిగించి కొడుకు కేసి చూశాడు.

"మన కౌలుకి కాయితం నేదు. షావుకారు రేపు లెగమంటే లెగాల. పరాయి దేశం కౌలోళ్లకి కాయితం ఇప్పించడానికి బయలెల్లినాడు నా కొడుకు!"

"కాయితం నానిస్తానేటి నాన్నా? ఊడుపు సూపించడానికే కదా."

"అదే సెప్తన్నాను. ఆళ్లకి కాయితమూ, ఊడుపూ. మనకి ఊడుపొక్కటీ."

అత్త లక్ష్మణమ్మ వేరే దిగులు పెట్టుకుంది. "నేపాళమెళ్లాలంటే సముద్రం దాటాలేటిరా?"

"నేదమ్మా. అంతా నేలే. రైలూ, ఆ మీదట బస్సూ."

"అయితే ఎల్లు," అంది ఆమె. సముద్రం మీద ఆమెకు పాత పగ ఉంది.

అప్పటికి దాలమ్మకు మూడో నెల. వెళ్లే రోజు అప్పలసూరి గెడ్డ ఒడ్డు దాకా ఆమెను రానిచ్చి, "ఆడగుంట పుడితే పద్మకుమారి అని పెట్టు. మగగుంటడైతే నాను వచ్చీదాకా పేరెట్టకు," అన్నాడు.

"ఎందుకూ?"

"మగోడికి తొందరేటి?" అని నవ్వి నీళ్లలోకి దిగాడు.

ఆడపిల్లే పుట్టింది. పద్మకుమారి అనే పెట్టారు. అతను మొదటి ఏడాదంతా ఉత్తరాలు రాశాడు. దాలమ్మ ఏడో తరగతిలో ఉండగా పెద్దమనిషి అయిందని బడి మాన్పించారు గానీ, అక్షరాలు పోలేదు. అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపించేది. అక్కడి నేల మన పల్లంలాగే ఉంటుందట. ఆడవాళ్లు నాటుతూ పాడతారట, మాట అర్థం కాదు గానీ వరస మాత్రం మన ఊడుపు పాటలాగే ఉంటుందట. ఓ ముసలి రైతు కౌలు కాగితం వెదురు గొట్టంలో పెట్టి ఇంటి దూలానికి కట్టుకున్నాడట. ఆ భూమి దొర మనుషులొచ్చి అతని నారుమడిలో గొడ్లు తోలితే, మళ్లీ నారు పోసి తామే వెళ్లి నాటి వచ్చారట. "ఒల్లకుండొచ్చు కదా ఈడు, మనకెందుకు," అని జగన్నాధం గొణిగాడు గానీ, ఆ ఉత్తరాన్ని ఇంకోసారి చదవమన్నాడు.

అరవై ఎనిమిది ఎండాకాలంలో ఉత్తరాలు ఆగిపోయాయి. శ్రావణంలో పెట్టె వచ్చింది.

ఇక్కడ ఓ మాట చెప్పాలి. ఆ పల్లెల్లో రంగానికి వెళ్లినవాడు లేని ఇల్లు లేదు. రంగం అంటే రంగూను. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికి ఓడెక్కి వెళ్లేవారు. అక్కడ మనిషి పోతే కబురు రాసేవాడెవడు? తోటి కూలీలే అతని గుడ్డలు సర్ది, పెట్టెకు తాడు బిగించి, ఊరివాడెవడైనా ఓడెక్కితే అతనితో పంపేవారు. కళింగపట్నం రేవులో దిగిన పెట్టె బండి మీద ఊరికి చేరేది. మనిషి లేకుండా పెట్టె వచ్చిందంటే ఇంకెవరూ ఏమీ అడిగేవారు కారు. పెట్టె దించిన చోటే ఏడుపు మొదలయ్యేది. లక్ష్మణమ్మ అన్నయ్య పెట్టె అలాగే వచ్చింది. అప్పుడామెకు పదేళ్లు. సముద్రం మీద పగ అప్పటిదే.

కోటబొమ్మాళి స్టేషన్‌లో అప్పలసూరి పేరు మీద పార్సిలు ఉందని తెలిసి జగన్నాధం బండి కట్టుకుని వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు బండి ఎక్కలేదు. ఎద్దుల పక్కన నడిచి వచ్చాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. వాకిట్లో చోళ్లు చెరుగుతున్న దాలమ్మ ముందు ఆ తలపాగానే చూసింది. తర్వాత బండిలో నల్ల రేకుపెట్టె చూసింది. మూత మీద తెల్ల రంగుతో అప్పలసూరి పేరు, కోటబొమ్మాళి పేరు ఉన్నాయి.

లక్ష్మణమ్మ లోపల్నుంచి వచ్చి చూసి, గడపను పట్టుకుని కూలబడిపోయింది. "ఓలమ్మో! ఓ నా తండ్రో! నేలదారే అన్నావు కదరా నాయినా! నేలదారే అన్నావు కదరా!"

వీధివాళ్లు చేరారు. ఆడవాళ్లు వచ్చి దాలమ్మ భుజాలు పట్టుకున్నారు. ఆమె విదిలించుకుంది. తాడు విప్పి మూత ఎత్తింది. పంచెలు, చొక్కాలు, పళ్లెం, దుప్పటి. అన్నీ ఉతికి మడత పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి నేల మీద పెట్టింది. అడుగు దాకా వెతికింది.

"అత్తా, ఏడవకు. సూడు. కోటు నేదు. ఆఫీసోళ్లు సలికోటిచ్చినారని రాసినాడు కదా, అది నేదు. బూట్లు నేవు. అయి ఏసుకునే ఉన్నాడత్తా. ఏసుకుని తిరుగుతన్నాడు."

"పిచ్చిదానా," అంది లక్ష్మణమ్మ. ఏడుపు మధ్యలోంచి గొంతు ఎంతో మెత్తగా వచ్చింది. "ఏసుకున్న గుడ్డల్తోనే పోతారే ఎవులైనా."

మర్నాడు దాలమ్మ పిల్లను చంకనేసుకుని బ్లాకాఫీసుకు నడిచింది. నరసింగరావు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"పెట్టె వచ్చినంత మాత్రాన ఏమీ అయినట్టు కాదమ్మా. ఏదైనా జరిగితే ఆఫీసు నుంచి తంతి వస్తుంది. ఇవాళే నేనూ ఒక వైరు కొడతాను."

"మరి పెట్టెందుకు పంపినట్టు బాబూ?"

ఆయన కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు. "అది మాత్రం నాకూ తెలీదమ్మా."

జవాబు రావడానికి చాలా రోజులే పట్టింది. ఆయనే సైకిల్ మీద వచ్చి చదివి చెప్పాడు. భారీ వర్షాలకు కొండదారులు తెగిపోయాయి, పై శిబిరాలతో సంబంధం లేదు, వివరాలు అందగానే తెలియజేస్తాం. ఆయన వెళ్లాక జగన్నాధం చుట్ట నలిపి పారేశాడు.

"వివరాలేటి? బతికున్నోడి గురించి బతికున్నాడని రాయడానికి వివరమెందుకు? సెప్పలేక అలా రాసినారు. సదువుకున్నోళ్లు అలాగే సెప్తారు."

దాలమ్మ పక్క ఊరు వెళ్లి లక్ష్ముడి తల్లిని అడిగి వచ్చింది. వాళ్లకు పెట్టె రాలేదు. ఉత్తరమూ లేదు. "మావోడికి పెట్టెక్కడిదమ్మా, మూట పట్టుకెళ్లినాడు," అంది ఆమె. అంటూ దాలమ్మ కేసి జాలిగా చూసింది. ఆ జాలి దాలమ్మకు కోపం తెప్పించింది.

భాద్రపదం వచ్చేసరికి పిల్లకు జ్వరం పట్టుకుంది. ఓ పొద్దున పాలు తాగుతూ తాగుతూ కళ్లు తేలేసింది. పిడికిళ్లు బిగిశాయి, పెదాలు నల్లబడ్డాయి. దాలమ్మ కేకకు గొడ్లు కూడా లేచి నిలబడ్డాయి. టెక్కలి తీసుకెళ్లారు. జ్వరం తలకెక్కితే పిల్లలకు ఇలా అవుతుంది, తడిగుడ్డ వేస్తూ ఉండండి అని డాక్టరు మందిచ్చాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. రెండోసారి బిగిసినప్పుడు మొదటిసారి కంటే ఎక్కువసేపు బిగిసింది.

దేముడమ్మ ఆ ఊళ్లో మంత్రసాని. పద్మకుమారిని ఈ లోకంలోకి లాగింది ఆ చేతులే. ఆమె వచ్చి పిల్ల అరికాళ్లు తడిమింది. రెప్పలెత్తి చూసింది. దాలమ్మ ముఖం చూడకుండా లక్ష్మణమ్మతో చెప్పింది.

"గుంటని ఎవులో పట్టుకున్నారొదినా. సెడ్డోళ్లు కారు. సొంతోళ్లే. సూడని కూతురు కదా, ఒగ్గలేక పట్టుకున్నాడు. దాహంతో ఉన్నాడు. నీల్లొదిలితే ఎలిపోతాడు."

"ఎవులికి నీల్లొదల్తావు?" దాలమ్మ మీదికి లేచింది. "నీ మొగుడికి ఒదులుకో పో!"

"నా మొగుడికి ఒదిలీసి ఇరవయ్యేళ్లయినాది. అందుకే ఆడు నా జోలికి రాడు," అంది దేముడమ్మ, ఏమాత్రం కోపం లేకుండా.

మహాలయ పక్షాలు నడుస్తున్నాయి. పెద్దలకు నీళ్లొదిలే రోజులు. జగన్నాధం శ్రీకూర్మం వెళ్లి ఓ పురోహితుణ్ని అడిగి వచ్చాడు. కబురు లేకుండా పోయినవాడికైతే పన్నెండేళ్లు ఆగాలన్నాడట ఆయన. పెట్టె వచ్చిందని చెబితే, అలాగైతే కబురు వచ్చినట్టే కదా అన్నాడట. దేహం లేదు గనక దర్భలతో బొమ్మ కట్టాలి. అమావాస్య దాటితే మళ్లీ ఏడాదికి.

ఇల్లంతా దాలమ్మ మాట కోసం ఆగింది. పెళ్లాం ఒప్పుకోకుండా బొమ్మ కట్టే ధైర్యం జగన్నాధానికీ లేదు. ఆమె ఒళ్లో పిల్ల కాలిపోతోంది. పొడిబారిన నోటితో రొమ్ము పట్టి, పీల్చలేక వదిలేస్తోంది. మూడోసారి బిగిస్తే మళ్లీ విప్పుకుంటుందో లేదో. బతికున్నాడని తనకు తెలుసా? తెలీదు. పిల్ల పోతోందని తెలుసా? అది కళ్లెదురుగానే ఉంది. కోటు లేదన్న ఒక్క మాట పట్టుకుని ఎన్నాళ్లు నిలబడుతుంది?

"సేసుకోండి," అంది.

గెడ్డ ఒడ్డున దర్భలూ మోదుగాకులూ కలిపి మనిషంత బొమ్మ కట్టారు. తలకు కొబ్బరికాయ పెట్టారు. పెట్టెలోంచి పంచె తీసి చుట్టారు. జగన్నాధం తలకొరివి పట్టాడు. కొడుకు చెయ్యాల్సిన పని తండ్రి చేతికొచ్చిందని చూసేవాళ్లంతా ఏడ్చారు. గడ్డి గనక ఇట్టే కాలిపోయింది. మనిషి కాలే వాసన లేదు. ఆకులు కాల్చినట్టుంది. దాలమ్మ అదే పట్టుకుని ఆ పూట గడిపింది. పదోరోజున ముసలమ్మలు ఆమెను కూర్చోబెట్టి గాజులు చిట్లించారు, బొట్టు చెరిపారు, తాళి తెంపారు. మణికట్టు మీద గీరుకుని రక్తం వచ్చింది. బూడిద శ్రీకూర్మం పట్టుకెళ్లి కలిపారు.

పిల్లకు జ్వరం దిగింది. ఎప్పుడు దిగిందో ఎవరూ చెప్పలేరు. డాక్టరు మందు అప్పటికి ఇంకా నడుస్తోంది. పదోరోజు దాటేసరికి పద్మకుమారి లేచి కూర్చుని పళ్లెం మీద చెంచా కొడుతోంది. లక్ష్మణమ్మ దాన్ని ఎత్తుకుని ఆకాశం కేసి దణ్ణం పెట్టింది. "ఒగ్గీసినాడు. నా తండ్రి ఒగ్గీసినాడు." ఊరంతా వచ్చి పిల్లను చూసి వెళ్లింది. మళ్లీ బిగియలేదు. ఆ మాట పక్క ఊళ్లకు కూడా పాకింది.

కార్తీకంలో, ఓ మిట్టమధ్యాహ్నం, లక్ష్ముడు వచ్చాడు.

స్టేషన్‌లో దిగి తన ఊరికి కూడా పోకుండా తిన్నగా ఇక్కడికే వచ్చాడు. భుజాన మూట ఉంది. మనిషి సగమయ్యాడు. "అన్న కబురు తెచ్చినానొదినా!" అని వీధిలోంచే కేకేసుకుంటూ వచ్చి, దాలమ్మను చూసి ఆగిపోయాడు. బోసి చేతులు చూశాడు. నుదురు చూశాడు.

"ఏటొదినా... ఏటయ్యింది?"

దాలమ్మ చేతులు కొంగు కింద దాచుకుంది.

"ఎవులు సెప్పినారు? ఎప్పుడు పోనాడు? నాను వచ్చినప్పుడు బాగానే ఉన్నాడు కదా! నన్ను సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చినాడు కదా కర్ర పట్టుకుని!"

అతను కూడా ఆమెను చూసి అప్పలసూరి పోయాడనే అనుకున్నాడు. తను బయల్దేరాక కబురు తనకంటే ముందొచ్చేసిందనుకుని అక్కడే కూర్చుని ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుస్తున్నవాణ్ని చొక్కా పట్టుకుని దాలమ్మ కుదిపింది.

"కర్రేటి? ఏ కర్ర? సరిగ్గా సెప్పు! బతికున్నాడా?"

అప్పుడు చెప్పాడు. వానలకు ముందు వాళ్లిద్దర్నీ బుట్వల్ దాటి కొండల్లోకి పంపారు. అక్కడ రోడ్డు లేదు, ఇంకా మనవాళ్లు తొలుస్తున్నారు. సామాను మనుషుల వీపు మీదే పోవాలి. అందుకని పెట్టెలున్నవాళ్ల పెట్టెలన్నీ కింద ఆఫీసువాళ్లు రైలు పార్సిలు కట్టి ఎవరి ఊళ్లకు వాళ్లకు పంపేశారు. "అన్న ఉత్తరం కూడా ఏసినాడొదినా, పెట్టొస్తాది, దింపించుకోండి అనీసి. అందనేదేటి?" వానల్లో కొండవాలు మెట్ల పొలాల గట్లు కడుతుంటే కొండ జారింది. అప్పలసూరి కాలు రాళ్ల కింద పడింది. చీలమండ దగ్గర నుజ్జయింది. శిబిరం దగ్గర రేకుల షెడ్డులో చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడే ఉన్నాడు. పుండు మానడం లేదు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు.

"దారి తెరిపిచ్చినాక రైలు కాడికి మోయించుకొస్తారంట. అక్కడికి నాన్నని రమ్మన్నాడు. ఒక్కడూ రైలెక్కలేడు కదా. గుంట నడుస్తందా అని పదిసార్లు అడిగినాడు నన్ను, నాను సూసినట్టు!"

లక్ష్మణమ్మ అప్పటికే గుమ్మంలోకి వచ్చి అంతా వింది. "బతికున్నాడా," అంది. మళ్లీ అంది. ముఖం విచ్చుకుంది. ఆ తర్వాత ఆమె చూపు మెల్లగా వాకిట్లో దోగాడుతున్న పిల్ల మీదికి మళ్లింది. దాలమ్మ ఆ ముఖం మారడం చూసింది. ఒక్కసారిగా వచ్చి పిల్లను ఎత్తి గుండెకు అదుముకుంది ముసలామె.

"రావద్దని సెప్పరా లక్ష్ముడూ."

"ఏటత్తా అది?" అంది దాలమ్మ.

"ఆడికి అన్నీ అయిపోనాయి. ఆడు ఒగ్గీసినాకే గుంట లెగిసినాది. ఈ గుమ్మం తొక్కితే తిరిగి పట్టుకుంటాడు. ఆడు బతికుండాల, అక్కడే సల్లగా ఉండాల. ఇక్కడికి రావద్దు."

"బతికున్నోడు పట్టుకోడవేటత్తా! మతుండే మాటలాడతన్నావా?"

పొలం నుంచి వచ్చిన జగన్నాధం విని తన చేతులు చూసుకున్నాడు. తర్వాత ఊరి పెద్దలు కూర్చున్నారు. శ్రీకూర్మం పురోహితుణ్ని మళ్లీ అడిగి వచ్చారు. దారి ఉందన్నాడు ఆయన. కర్మ జరిగినవాడు తిరిగొస్తే ఊరి బయటే ఉంచాలి. మళ్లీ పుట్టినట్టు స్నానం చేయించి, పేరు పెట్టి, అదే పెళ్లాంతో మళ్లీ పెళ్లి చేస్తే లోపలికి రావచ్చు. పెద్దలు విన్నారు. ఏడాది తిరగనీ అన్నారు. గుంట మళ్లీ జబ్బు పడకుండా ఏడాది దాటితే అప్పుడు చూద్దాం అన్నారు. అందరికీ పిల్లలున్నారు.

"ఆ పుండుతో ఏడాది ఉంటాడేటి?" అన్నాడు లక్ష్ముడు. జగన్నాధం అతన్ని పక్కకు పిలిచి, నువ్వే మళ్లీ వెళ్లి నెమ్మదిగా చెప్పి రారా అని అడిగాడు.

"నా గడువు అయిపోనాది, మళ్లీ పంపరు బాబూ. పంపినా ఆ మాట నాను సెప్పలేను. నువ్వు సెప్పగలవా? నీ నోటితో నువ్వు సెప్పు," అని మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

జగన్నాధం వెళ్లలేదు. రోజూ రేపు బయల్దేరతానన్నట్టు పంచె ఉతికించుకునేవాడు. గెడ్డ దాకా వెళ్లి ఆ బొమ్మ కాల్చిన చోట నిలబడి వెనక్కి వచ్చేవాడు. తన చేత్తో కొరివి పెట్టినవాడి ముందుకు వెళ్లడానికి ఏ తండ్రికి కాళ్లొస్తాయి?

దాలమ్మ ఓ పొద్దున అత్త గొడ్ల కాడికి వెళ్లగానే పిల్లను చంకనేసుకుని బయల్దేరింది. నరసింగరావు దగ్గర దారి అడిగి తెలుసుకుంది. ఎక్కడ ఏ రైలు మారాలో, చివరికి ఏ స్టేషన్‌లో దిగాలో బట్టీ పట్టింది. కోటబొమ్మాళి ప్లాట్‌ఫారం మీద మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. బోసి నుదుటి ఆడది పసిపిల్లతో ఒంటరిగా కూర్చుంటే ఎదురైనవాళ్లు తప్పుకుని పోతున్నారు. ఆమె పట్టించుకోలేదు. అక్కడికి వెళ్లాక ఏం చెప్పాలో అనుకుంటోంది. తన నుదురు చూసి అతనేమంటాడో అనుకుంటోంది. దారిలో ఓ కాస్త కుంకుమ కొని పెట్టుకుంటే? పెట్టుకోవచ్చా? అతను బతికున్నాడు గనక పెట్టుకోవచ్చు. అతన్ని కాల్చేశారు గనక కూడదు.

రైలు కూత వినపడింది. పిల్లను ఎత్తుకుంది. పిల్ల మెడ వెచ్చగా తగిలింది.

ఎండలో కూర్చున్నారు. ఎండ వేడి కావచ్చు. చెంప ఆనించి చూసింది. తన చెంపా కాలుతోంది, తేడా తెలియలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టింది. పిల్ల నవ్వింది. నవ్వినంత మాత్రాన? ఆ రోజూ పాలు తాగుతూ తాగుతూనే కదా బిగిసింది. "సొంతోళ్లే, ఒగ్గలేక పట్టుకున్నాడు." ఆ మాట నమ్మనని దేముడమ్మ మీద అరిచింది తనే. కానీ సేసుకోండి అన్నదీ తనే. సేసుకున్నాకే పిల్ల లేచింది. ఒకవేళ నిజమే అయితే? తను అతని దగ్గరకు పిల్లను తీసుకెళ్లడమంటే ఏమిటి?

రైలు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. ఓ పెద్దాయన లోపల్నుంచి "ఎక్కమ్మా, జాగా ఉన్నాది," అని చెయ్యి కూడా చాచాడు. దాలమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. పిల్ల మెడ మళ్లీ ముట్టుకుంది. రైలు కదిలాక కమ్మీ వదిలేసింది.

ఇంటికొచ్చాక పిల్లకు జ్వరం లేదు. ఆ రాత్రీ లేదు, ఆ మర్నాడూ లేదు.

ఆ తర్వాత దాలమ్మ మళ్లీ స్టేషన్‌కు వెళ్లలేదు. కొండదారి తెరిచారో లేదో తెలీదు. అతన్ని రైలు దగ్గరకు మోయించుకొచ్చారో, అక్కడ తండ్రి కోసం చూసి చూసి ఏమయ్యాడో తెలీదు. కర్ర పట్టుకుని తనంతట తానే ఓ రోజు గెడ్డ దాటి వస్తాడని ఊరు కనిపెట్టుకుని ఉంది. ఆమె కూడా కనిపెట్టుకునే ఉంది. రావాలనా, రాకూడదనా అంటే అది ఆమె చెప్పగలిగేది కాదు.

ఇది చదివేవాళ్లలో నేపాళం రోడ్డు పనికో, మరో పనికో వెళ్లేవాళ్లుండొచ్చు. ఆ దేశం వైపు రైళ్ల మీద తిరిగేవాళ్లుండొచ్చు. మీరు బుట్వల్ దాటి కొండల్లోకి వెళ్తే, మనవాళ్ల శిబిరం పక్కన రేకుల షెడ్డులో ఆసుపత్రి ఉంటుంది. తొంగి చూడండి. తెలుగులో పిలవండి. కాలికి కట్టున్న శ్రీకాకుళం మనిషి, అప్పలసూరి, పలుకుతాడేమో. పలికితే పక్కన కాసేపు కూర్చోండి. కూతురు నడుస్తోందని చెప్పండి. నిజంగానే నడుస్తోంది. ఇక్కడ జరిగింది చెప్పాలో వద్దో దాలమ్మకే తెలీదు, అది మీరు తలకెత్తుకోకండి. ఉన్నాడో లేడో చూసి, పుండు మానిందో లేదో చూసి, కోటబొమ్మాళి బ్లాకాఫీసుకు ఒక్క ముక్క రాయండి. ఇంటికి మాత్రం రాయకండి. ఒక్కసారి చూసి రండి బాబూ, చాలు.